పేరు అదే, కారు వేరు: పాత తరం నుంచి కొత్త తరం చిన్న కారుకు మారేటప్పుడు మార్చుకోవాల్సిన అలవాట్లు

1974లో వచ్చిన మొదటి ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ పొడవు 3.7 మీటర్లు. గోల్ఫ్‌కు తమ్ముడి లాంటిది పోలో. 2017లో వచ్చిన ఆరో తరం పోలో పొడవు 4.05 మీటర్లు. అంటే నేటి తమ్ముడు నాటి అన్న కన్నా దాదాపు 35 సెంటీమీటర్లు పొడవు. 1966 నాటి తొలి టయోటా కొరొల్లా 3.85 మీటర్ల లోపే ఉండేది. 2018లో వచ్చిన తరంలో సెడాన్ 4.63 మీటర్లు. బరువూ అలాగే పెరిగింది. తొలి గోల్ఫ్ సుమారు 800 కిలోలు తూగితే, ఎనిమిదో తరం 1,200 దాటింది. అయినా అప్పుడూ ఇప్పుడూ వీటిని చిన్న కార్లనే పిలుస్తున్నాం.

కొలతలు మారడం కంటికి కనబడుతుంది కాబట్టి దానితో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందంతా కనబడని మార్పులతోనే. కార్బురేటర్ (గాలినీ పెట్రోలునూ కలిపే పాత పరికరం) ఉన్న బండి మీద నేర్చుకున్న చిట్కాలు కొన్ని కొత్త బండిలో దండగ, కొన్ని ప్రమాదం. కొత్త బండికి మేలు చేసే ఆయిల్ పాతదానికి చేటు. అందుకే ఏ అలవాటును ఎక్కడ మార్చుకోవాలో, ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు టేపు తీయండి

కారు కొనక ముందే నిలిపే చోటు కొలవాలి. కంపెనీ చెప్పే వెడల్పులో సాధారణంగా పక్క అద్దాలు కలవవు. ఎనిమిదో తరం గోల్ఫ్ వెడల్పు 1.79 మీటర్లని రాస్తారు. అద్దాలు తెరిచి కొలిస్తే రెండు మీటర్లు దాటుతుంది. గేటు దగ్గర లెక్కకొచ్చేది అద్దాలతో కలిపిన వెడల్పే. లోపల మాత్రం తలుపు తెరిచి దిగడానికి డ్రైవరు వైపు కనీసం 60 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. పక్క నుంచి గుద్దినప్పుడు కాపాడే కడ్డీలు, ఎయిర్‌బ్యాగులు చేరి తలుపులు మందమయ్యాయి. పాత బండిలోంచి సులువుగా దిగిన సందులోనే కొత్త దాంట్లోంచి దిగాలంటే ఒళ్లు వంచాల్సి వస్తుంది.

ముందు అద్దానికి రెండు పక్కలా ఉండే స్తంభాలూ లావయ్యాయి. కారు బోల్తా పడినా కప్పు కుంగకుండా ఉండాలనే అలా చేశారు. దీనివల్ల మలుపుల్లో ఒక మనిషి, ఒక్కోసారి మోటారు సైకిలు కూడా ఆ స్తంభం చాటున పూర్తిగా దాగిపోవచ్చు. కూడలిలో తల ఒక్కటే తిప్పితే చాలదు. నడుము నుంచి కాస్త ముందుకూ పక్కకూ వంగి చూడటం మొదటి వారంలోనే అలవాటు చేసుకోండి.

ఆ లావుకు ఫలితం ఏమిటో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల భద్రతా పరీక్షల సంస్థ ఆన్‌క్యాప్ 2017లో చూపించింది. 1998 నాటి కొరొల్లాను, 2015 నాటి కొరొల్లాను 64 కి.మీ. వేగంతో ఒకదానితో ఒకటి ఢీకొట్టించింది. 16 మార్కులకు పాత కారుకు వచ్చింది 0.40, కొత్త కారుకు 12.93. కనుక పాత బండి రేకు గట్టిదన్న మాటను నమ్మి ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు. గుద్దుకున్నప్పుడు ముందు భాగం నలిగి దెబ్బను మింగాలి, మనుషులు కూర్చునే గది మాత్రం చెక్కుచెదరకూడదు. పాత బండిలో ఆ గదే ముడుచుకుపోతుంది.

స్టార్ట్ చేయడం, నడపడం

కార్బురేటర్ బండిని చలిలో స్టార్ట్ చేయాలంటే చోక్ లాగి, ఆక్సిలరేటర్ ఒకటి రెండు సార్లు తొక్కాలి. అలా తొక్కినప్పుడల్లా లోపలి చిన్న పంపు పెట్రోలు చిమ్ముతుంది. కంప్యూటర్ కొలిచి ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండిలో అలా తొక్కినా ఒరిగేదేమీ లేదు. పైగా పెడల్ పూర్తిగా నొక్కిపట్టి స్టార్టర్ తిప్పితే చాలా మోడళ్లలో కంప్యూటర్ ఇంజెక్టర్లను ఆపేస్తుంది. తడిసిన ప్లగ్గులను ఆరబెట్టడానికి పెట్టిన ఏర్పాటు అది. బండి స్టార్ట్ కావడం లేదని ఇంకా గట్టిగా తొక్కేవారికి ఈ సంగతి తెలియక బ్యాటరీ కాస్తా దిగిపోతుంది. ఆక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి తాళం తిప్పండి, లేదా బటన్ నొక్కండి. అంతే.

స్టార్ట్ అయ్యాక ఐదు నిమిషాలు నిలబెట్టి వేడెక్కించే అవసరమూ ఇప్పుడు లేదు. అర నిమిషం ఆగి నెమ్మదిగా బయల్దేరండి. ఉష్ణోగ్రత ముల్లు మామూలు స్థానానికి వచ్చేదాకా ఇంజన్‌ను నిమిషానికి 2,500 చుట్లు దాటనివ్వకపోతే చాలు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరం) ఉన్న ఇంజన్‌కు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

దిగుడులో న్యూట్రల్ చేయడం చాలామందికి పెట్రోలు ఆదా చేసే కిటుకుగా అలవాటైంది. ఇంజెక్షన్ బండిలో లెక్క తిరగబడింది. గేరులో ఉంచి ఆక్సిలరేటర్ వదిలేస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి, ఖర్చు సున్నా. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు కాలుతూనే ఉంటుంది. పైగా ఇంజన్ బ్రేకింగ్ పోయి బ్రేకులు వేడెక్కుతాయి.

అన్నిటికన్నా ఖరీదైన పాత అలవాటు మరొకటుంది. తక్కువ చుట్ల దగ్గరే పై గేరు వేసి, ఎత్తు వచ్చినప్పుడు గేరు దించకుండా పెడల్ అడుగుదాకా తొక్కడం. 1.3 లీటర్ల మామూలు ఇంజన్ అయితే గునుస్తూనే ఎలాగో లాక్కొచ్చేది. ఇప్పటి 1.0 లీటర్ మూడు సిలిండర్ల టర్బోలో, 1,200 చుట్ల దగ్గర పూర్తి భారం మోపితే స్పార్కు పడక ముందే మిశ్రమం దానంతటదే అంటుకోవచ్చు. అలాంటి దెబ్బలు కొన్ని తగిలినా పిస్టన్ రింగు గాడి విరిగే ప్రమాదం ఉంది. క్లచ్ వెనక రెండు ముక్కల ఫ్లైవీలు ఉన్న మోడళ్లలో దాని స్ప్రింగులు కూడా ఆ కుదుపులకే అరుగుతాయి. బలంగా లాగాల్సినప్పుడు ఒక గేరు దించి 1,800 పైన ఉంచండి.

బ్రేకు సంగతి చూద్దాం. చక్రాలు బిగుసుకోకుండా తానే చూసుకునే ఏబీఎస్ లేని బండిలో పెడల్‌ను వదులుతూ నొక్కుతూ ఆపడం నేర్పు. ఏబీఎస్ ఉన్న బండిలో ఆ నేర్పు ఆగే దూరాన్ని పెంచుతుంది. గట్టిగా నొక్కి పట్టుకోండి, వదలొద్దు. కాలి కింద గడగడమని కొట్టుకుంటుంది. అది లోపం కాదు, పని జరుగుతున్నట్టు గుర్తు. అదే సమయంలో స్టీరింగ్ తిప్పి అడ్డును తప్పించుకోవచ్చు కూడా.

ఆయిల్: ఎక్కువ ఇంజన్లు చెడేది ఇక్కడే

పాత ఇంజన్లు 20డబ్ల్యూ-50, 15డబ్ల్యూ-40 లాంటి చిక్కటి ఆయిల్ మీద నడిచేవి. బేరింగులకూ షాఫ్టుకూ మధ్య సందు ఎక్కువ, సీళ్లు పాత రకం రబ్బరు. అలాంటి ఇంజన్‌లో ఖరీదైనదే మంచిదనుకుని పలచటి 0డబ్ల్యూ-20 పోస్తే ఒత్తిడి పడిపోతుంది, సీళ్ల దగ్గర కారుతుంది. ఇంకో సంగతి: పాత ఇంజన్లలో వాల్వులను తెరిచే క్యామ్ నేరుగా టాపెట్ మీద రాసుకుంటూ తిరుగుతుంది. ఆ రాపిడిని తట్టుకోవడానికి ఆయిల్‌లో జింకు, ఫాస్ఫరస్ సమ్మేళనం తగినంత ఉండాలి. పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడుకాకూడదని కొత్త ఆయిళ్లలో దాన్ని తగ్గించారు. కనుక పాత ఇంజన్‌కు పాత ఇంజన్ల కోసమే చేసిన ఆయిల్ వాడాలి.

తలకిందులు చేసి చూడండి. కొత్త ఇంజన్‌లో వాల్వులు తెరుచుకునే సమయాన్ని ఆయిల్ ఒత్తిడితోనే ముందుకూ వెనక్కూ జరుపుతారు. ఆ దారులు సన్నవి. చిక్కటి ఆయిల్ పోస్తే అక్కడ కదలిక ఆలస్యమవుతుంది, డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలుగుతుంది. కొన్ని మోడళ్లలో టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. నిర్దేశించని ఆయిల్ పోసినా, మార్చడం ఆలస్యం చేసినా ఆ బెల్టు ఉబ్బి, పొట్టులా రాలి, ఆయిల్ పంపు కింద ఉండే జల్లెడను మూసేస్తుంది. అప్పుడు బెల్టు తెగక ముందే ఆయిల్ అందక ఇంజన్ పోతుంది. అందుకే డబ్బా మీద చిక్కదనం అంకె ఒక్కటే చూసి కొనకూడదు. మీ కారు పుస్తకంలో రాసిన ప్రమాణం, ఏపీఐ ఎస్‌పీ అయినా ఏసీఈఏ సీ3 అయినా కంపెనీ సొంత సంఖ్య అయినా, డబ్బా వెనక అక్షరాలా ఉండాలి.

మట్టం చూసే పద్ధతి రెండు తరాలకూ ఒకటే:

1. చదునైన చోట బండి నిలిపి, వేడి ఇంజన్ ఆపి 5 నుంచి 10 నిమిషాలు ఆగండి.
2. డిప్‌స్టిక్ తీసి తుడిచి, పూర్తిగా దించి మళ్లీ తీయండి.
3. కింది గీతకూ పై గీతకూ మధ్య చాలా ఇంజన్లలో సుమారు ఒక లీటరు తేడా. తక్కువైతే 200 మిల్లీలీటర్ల చొప్పున పోస్తూ చూడండి. పై గీత దాటనివ్వొద్దు.

పాత బండిలో మట్టం తగ్గితేనే కంగారు. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే కొత్త డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్‌లో మట్టం పెరిగినా కంగారు పడాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పి ఆపేస్తుంటే కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా ఆయిల్‌లోకి దిగుతుంది. గీత పైకి పోయి, ఆయిల్ పెట్రోలు వాసన వేస్తుంటే వెంటనే మార్చించండి. వారానికోసారి అరగంట పాటు ఆపకుండా నడిపితే చాలావరకు ఈ బాధ ఉండదు. కంపెనీ 15,000 కి.మీ. అన్నా, చిన్న దూరాలే ఎక్కువగా తిరిగే టర్బోకు 7,500 నుంచి 10,000 మధ్య మార్చడమే మేలు. ఆయిల్ డబ్బుకు కక్కుర్తి పడితే టర్బో డబ్బు కట్టాల్సి వస్తుంది.

కరెంటు, బ్యాటరీ

ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి, ఆగిపోకపోతే ఆల్టర్నేటర్ (బ్యాటరీని చార్జి చేసే జనరేటర్) బాగున్నట్టే అనే పరీక్ష ఇంకా కొన్నిచోట్ల నడుస్తోంది. కొత్త బండి మీద ఎవరినీ ఆ పని చేయనివ్వకండి. తీగ పీకిన క్షణంలో ఎగసే వోల్టేజి కంప్యూటర్లను కాల్చేయగలదు.

మీటరుతో కొలిచినా లెక్క మారింది. పాత బండిలో ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 వోల్టుల మధ్య నిలకడగా చూపాలి. కొత్త వాటిలో ఆల్టర్నేటర్‌ను కంప్యూటర్ నడిపిస్తుంది. వేగం అందుకునేటప్పుడు దాదాపు 12.5కు దించి, బ్రేకు వేసేటప్పుడు 15 దాకా పెంచుతుంది. ఒక్కసారి తక్కువ అంకె కనబడిందని ఆల్టర్నేటర్ మార్చేయకండి. హెడ్‌లైట్లు, వెనక అద్దం హీటరు వేసి ఐదు నిమిషాలు గమనించండి. ఇంజన్ ఆపి రెండు మూడు గంటలయ్యాక మాత్రం పాత లెక్కే: 12.6 అయితే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 12 లోపు అయితే బాగా దిగిపోయినట్టు.

సిగ్నల్ దగ్గర తనంతట తానే ఆగి స్టార్టయ్యే బండిలో మాటిమాటికీ స్టార్టులను తట్టుకునే ఈఎఫ్‌బీ లేదా ఏజీఎం రకం బ్యాటరీ ఉంటుంది. దాని బదులు మామూలుది పెడితే కొన్ని నెలల్లోనే చేతులెత్తేస్తుంది. చాలా మోడళ్లలో కొత్త బ్యాటరీ పెట్టిన సంగతి స్కానర్‌తో (కారు కంప్యూటర్‌కు తగిలించి చదివే పరికరం) కంప్యూటర్‌కు చెప్పాలి. లేకపోతే ముసలి బ్యాటరీకి పెట్టినట్టే దీనికీ చార్జి పెడుతుంది. వేరే బండి నుంచి కరెంటు తీసుకునేటప్పుడు నల్ల తీగను బ్యాటరీ నెగటివ్‌కు కాకుండా, పుస్తకంలో చూపిన చాసిస్ బోల్టుకు తగిలించండి. నెగటివ్ మీద చాలా కార్లలో కొలిచే సెన్సర్ ఉంటుంది.

మిస్సింగ్, అంటే ఏదో ఒక సిలిండర్ సరిగా మండకపోవడం, పట్టుకునే పద్ధతీ మారింది. పాత ఇంజన్‌లో స్పార్కు పుట్టించే పాయింట్ల మధ్య దాదాపు 0.4 మి.మీ. సందు సరిచూసి, నడుస్తుండగా ఒక్కో ప్లగ్గు వైరూ పీకి ఏది పీకినా తేడా లేదో చూసేవారు. కొత్త దాంట్లో అలా పీకితే ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ పోవచ్చు, కాలని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కరిగించవచ్చు. బదులుగా ఇలా చేయండి. స్కానర్‌లో పీ0301 అనే లోపం కోడ్ వస్తే తప్పు మొదటి సిలిండర్‌లో. ఇంజన్ ఆపి, ఒకటో కాయిల్‌ను మూడోదానితో మార్చి, కోడ్ చెరిపేసి మళ్లీ నడపండి. ఈసారి పీ0303 వస్తే కాయిలే దొంగ. పీ0301 అలాగే ఉంటే ప్లగ్గులు ఇటూ అటూ మార్చి చూడండి. అప్పటికీ కదలకపోతే ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. ఇరిడియం ప్లగ్గు చాలా మోడళ్లలో లక్ష కిలోమీటర్ల దాకా వస్తుంది. దాని సన్నటి కొనను పాత అలవాటు కొద్దీ గీకి శుభ్రం చేయకండి, గేజి దూర్చి వంచకండి. అరిగితే మార్చడమే.

చక్రాలు

టైరు మీది అంకెలతో పక్కగోడ ఎత్తు తేలిగ్గా లెక్కగట్టవచ్చు. పాత 155 ఆర్13 అంటే ఎత్తు వెడల్పులో దాదాపు 80 శాతం, సుమారు 124 మి.మీ. నేటి 225/40 ఆర్18లో 225ను 0.40తో గుణిస్తే 90 మి.మీ. అంటే గుంతకూ రిమ్ముకూ మధ్య మెత్తటి భాగం మూడు సెంటీమీటర్లకు పైగా తగ్గింది. అందుకే కొత్త బండి గుంతలో పడితే రిమ్ము వంగుతుంది, టైరు పక్కన ఉబ్బు తేలుతుంది. ఉబ్బిన టైరుకు పంక్చరు అతుకు పనికిరాదు, మార్చాల్సిందే. కొనేటప్పుడే అదే మోడల్‌లో 16 అంగుళాల చక్రాల రకం ఉంటే అది తీసుకోండి. ఫొటోలో 18 అందంగా ఉంటుంది, రోడ్డు మీద 16 సుఖంగా ఉంటుంది.

గాలి నింపాక టైరు ఒత్తిడి హెచ్చరిక వ్యవస్థను తిరిగి సెట్ చేయాలి. కొన్ని కార్లలో చక్రంలోనే సెన్సర్ ఉంటుంది. కొన్నింట్లో చక్రాలు తిరిగే వేగంలో తేడాను బట్టి ఊహిస్తుంది. రెండో రకం మీరు సెట్ చేసిన క్షణాన ఉన్న గాలినే సరైనదనుకుంటుంది. గాలి తక్కువగా ఉండగానే బటన్ నొక్కితే ఆ తక్కువ గాలి గురించి ఇక హెచ్చరించదు.

చాలా కొత్త కార్లలో స్టెప్నీ లేదు. దాని బదులు జిగురు సీసా, చిన్న కంప్రెసర్ ఇస్తారు. సీసా మీద గడువు తేదీ ఉంటుంది, ఈరోజే చూడండి. నడిచే భాగంలో చిన్న మేకు రంధ్రానికే ఆ జిగురు పనిచేస్తుంది, పక్కగోడ చీలితే కాదు. నట్లను కాలితో తొక్కి బిగించడం మానేసి టార్క్ రెంచి వాడండి. చాలా చిన్న కార్లకు 100 నుంచి 120 న్యూటన్ మీటర్లు సరిపోతాయి, మీ మోడల్ అంకె పుస్తకంలో ఉంటుంది. చక్రం మార్చాక 50 నుంచి 100 కి.మీ. తిరిగి మళ్లీ ఒకసారి బిగింపు చూడండి.

బ్రేకు ప్యాడ్లు, కూలెంట్, అద్దం

వెనక చక్రాలకు ఎలక్ట్రిక్ హ్యాండ్‌బ్రేక్ ఉంటే ప్యాడ్లు మార్చే ముందు దాన్ని సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. కొన్నిటికి స్కానర్ కావాలి, కొన్నిటికి బటన్ నొక్కే వరస పుస్తకంలో ఉంటుంది. ఆ పని చేయకుండా పిస్టన్‌ను బిగింపుతో వెనక్కి తోస్తే లోపలి మోటారు గేరు విరుగుతుంది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఏ తరమైనా రెండేళ్లకోసారి మార్పించండి.

పాత రేడియేటర్‌లో రోజూ కాసిని నీళ్లు పోయడం మామూలు. కొత్తది మూసిన వ్యవస్థ. మట్టం తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. రంగు చూసి కూలెంట్ కలపొద్దు, రంగుకు ప్రమాణం లేదు. రెండు రకాలు కలిస్తే ముద్ద కట్టి సన్న గొట్టాలు మూసుకుపోవచ్చు. ఇంజన్ ఆపాక కూడా ఫ్యాను తిరగవచ్చు, చేయి పెట్టకండి.

ముందు అద్దం పగిలితే పాత బండికి అద్దం, రబ్బరు ఉంటే చాలు. కొత్త దానికి అద్దం వెనక కెమెరా ఉంటుంది. అద్దం మార్చాక దాన్ని క్యాలిబ్రేట్ చేయించకపోతే (చూపు సరిచేయించకపోతే) రోడ్డు మీది లేన్‌ను గుర్తించడం, తనంతట తాను బ్రేకు వేయడం తప్పుతాయి. వీల్ అలైన్‌మెంట్ తర్వాత స్టీరింగ్ కోణం సెన్సర్‌నూ సున్నాకు తేవాలి. బంపర్ వెనక రాడార్ ఉన్న చోట మందంగా పుట్టీ, పెయింటు పూయించొద్దు. ఏసీ కంట్రోళ్లను టచ్ స్క్రీన్‌లోకి తోసేసిన మోడళ్ల విషయంలో మాత్రం పాతదే మేలు. చూపు రోడ్డు మీంచి తిప్పకుండా తిప్పగలిగే గుండ్రటి నాబ్‌కు సాటి లేదు.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

పాత తరంలో చూడాల్సింది తుప్పు. బ్యాటరీ ట్రే కింద, తలుపుల దిగువ పట్టీలు, ముందు సస్పెన్షన్ పైకొన బిగించిన చోటు, డిక్కీలో స్టెప్నీ గుంత. మ్యాట్లు ఎత్తి వేలితో నొక్కి చూడండి. సస్పెన్షన్ చోటులో తుప్పు ఉంటే వదిలేయండి.

కొత్త తరంలో తుప్పు తక్కువ, నీళ్ల బెడద ఎక్కువ. ముందు అద్దం దిగువన ఆకులు పేరుకుని నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుంటే, నీళ్లు క్యాబిన్‌లోకి దిగి కార్పెట్ కింది కంప్యూటర్లను, కనెక్టర్లను తింటాయి. కార్పెట్ అంచు లేపి తడి, ముక్కిన వాసన ఉన్నాయేమో చూడండి. స్కానర్‌తో ఇంజన్ ఒక్కటే కాదు, అన్ని మాడ్యూళ్లూ చదివించండి. అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి స్కానర్ తగిలించే ఓబీడీ కనెక్టర్ తప్పనిసరి అయింది. అది సాధారణంగా స్టీరింగ్ కింద ఉంటుంది. కోడ్లేమీ లేవంటే సంతోషించే ముందు, స్వీయ పరీక్షలు పూర్తయ్యాయా అని చూడండి. పూర్తి కాలేదని చూపిస్తే ఎవరో ఈమధ్యే కోడ్లు చెరిపేసి ఉండవచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండవచ్చు.

ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే బానెట్ వేడిగా ఉంటే మరో రోజు రండి. చల్లటి స్టార్టులో రెండు మూడు సెకండ్లు గొలుసు గలగల వినబడితే టైమింగ్ చైన్ సాగి ఉండవచ్చు, లేదా టెన్షనర్ బలహీనపడి ఉండవచ్చు. ఆయిల్ మార్చిన బిల్లుల్లో తేదీలతో పాటు ఏ ప్రమాణం ఆయిల్ పోశారో చదవండి. చివరిగా తాళాలు రెండూ అడిగి తీసుకుని, రెండింటితోనూ స్టార్ట్ చేసి చూడండి. ఇమ్మొబిలైజర్ (తన తాళం కాకపోతే స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) ఉన్న కారుకు పోయిన తాళం మళ్లీ చేయించడం రేకు మీద గాడి కోసినంత తేలిక కాదు.